కొండ మీద ఉండిపోయిన గొంతు

పొద్దున్న తొమ్మిదింటికి నీళ్ల ఆఫీసు రెండో అంతస్తులోకి వెళ్తే చెవులు చిల్లులు పడతాయి. బస్సులో సీటు దొరకలేదని ఒకరు, అద్దె ఇంటివాళ్లు మేకు కొట్టనివ్వడం లేదని ఇంకొకరు, అల్లుడు ఫోను ఎత్తడం లేదని మరొకరు, ఎవరి గోడు వాళ్లు గబగబా వెళ్లబోసుకుంటుంటారు. ఆ తొందరకి కారణం ఉంది. తొమ్మిదింపావుకి అందరూ కొండ మీది మిషన్లోకి లాగిన్ అవ్వాలి. లాగిన్ అయ్యాక ఇక మాట్లాడ్డానికి ఉండదు. గొంతు అవతలికి వెళ్లిపోతుంది.

కొండ మీద రిజర్వాయరు పక్కన చిన్న గది, ఆ గదిలో బీరువా అంత మిషను. నీళ్లు ఎన్ని అడుగులున్నాయో, ఏ గేటు ఎంత లేచిందో అన్నీ దానికే తెలుసు. ఆఫీసు నుంచి అక్కడికి నూట పది కిలోమీటర్లు. ఇక్కడ కుర్చీలో కూర్చుని పేరు కొడితే, పేరుతో పాటు ఇచ్చిన తాళం సరిపోతే, అది లోపలికి రానిస్తుంది. వెళ్లేది గొంతొక్కటే. చేతులు ఇక్కడే ఉండి టకటకా కమాండ్లు కొడుతుంటాయి, నోరు తెరిచి ఏమన్నా అంటే మాత్రం ఆ మాట కొండ మీద గదిలో వినపడుతుంది. చెవి కూడా కాస్త అటువైపే ఒరిగి ఉంటుంది. పనయ్యాక లాగౌట్ కొడితే గొంతు వెనక్కి వస్తుంది. ఓసారి దగ్గి లేస్తారు. కొత్తగా చేరినవాళ్లు టీలో పంచదార వద్దని చెప్పలేక వారం రోజులు అవస్థ పడతారు. ఆ తర్వాత వేళ్లతో చెప్పడం వచ్చేస్తుంది.

కొండ మీద గేట్లు చూసుకునే ఆయన్ని అందరూ గేటు బాబాయ్ అంటారు. ఆఫీసులో ఒక్క మనిషి మొహం కూడా ఆయన ఎరగడు. గొంతు వింటే మాత్రం ఎవరికి జలుబు చేసిందో, ఎవరింట్లో పొద్దున్నే మాటా మాటా అనుకున్నారో ఇట్టే చెప్పేస్తాడు.

ఇక మన తాళాలక్క. మిషన్లోకి ఎవరు రావచ్చో, ఎవరు రాకూడదో చూసేది ఈవిడే. చేరినవాళ్లకి తాళం ఇస్తుంది, మానేసినవాళ్ల పేరు కొట్టేస్తుంది. మిగతావాళ్లు లోపలికి వెళ్లి లెక్కలు చూసుకుని రాగలరు తప్ప మిషను రూల్స్ మీద చెయ్యి వేయలేరు. వేయగలిగేది ఇద్దరే. ఒకరు ఈవిడ, రెండో ఆయన ఈవిడకి పని నేర్పిన పెద్దసారు. పెద్దసారు కిందటి నెల రిటైరై, దండ వేయించుకుని వెళ్లిపోయాడు.

తాళాలక్క పని తెలిసిన మనిషి, పని అంటే ప్రాణం పెట్టే మనిషి. అక్కడే వచ్చింది తంటా. ఇంటికి వెళ్లాక కూడా ఓ మూల కంప్యూటరు పెట్టుకుని లాగిన్‌లోనే ఉండేది. మొగుడు కళ్లజోళ్ల షాపు కట్టేసి వచ్చి రోజు ఎలా గడిచిందో చెప్తుంటే తల ఊపేది. అతను అడిగితే వేలు చూపించేది, ఆగమని. "మూగదానితో కాపురం చేస్తున్నట్టుంది" అన్నాడు ఒకరోజు. ఆ మాటకి జవాబు చెబుదామన్నా ఆవిడ గొంతు అప్పుడు కొండ మీద ఉంది. అలా అలా ముదిరి ఏడాది కింద వేరు పడ్డారు. ఒక్కతే కూతురు, ఎనిమిదేళ్లది, బక్కగా, గలగలా మాట్లాడుతూ ఉంటుందని పిచ్చుక అంటారు. పిచ్చుక ఎవరి దగ్గర ఉండాలన్నది కోర్టు తేల్చాలి. తేల్చేవరకు వారమంతా తండ్రి దగ్గర, ఆదివారం తల్లి దగ్గర.

ఆరు రోజులు పిల్ల గొంతు వినకుండా ఉండటం తాళాలక్క వల్ల కాలేదు. ఫోను చేస్తే ఆడపడుచు ఎత్తి, పిల్ల హోంవర్కు చేస్తోందంటుంది. అందుకని చేయకూడని పని ఒకటి చేసింది. పిచ్చుకకి కూడా మిషన్లో ఒక పేరు, ఒక తాళం ఇచ్చేసింది. సాయంత్రం ఐదింటికి పిల్ల తండ్రి ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని లాగిన్ అయ్యేది, తల్లి ఆఫీసులో లాగిన్ అయ్యే ఉండేది. తల్లీ కూతుళ్ల గొంతులు కొండ మీద ఆ గదిలో కలుసుకునేవి. బళ్లో ఎవరు ఎవరిని గిల్లారో, డ్రాయింగులో ఏ రంగు అయిపోయిందో అన్నీ చెప్పేది పిచ్చుక. గేటు బాబాయ్ తలుపు దగ్గర స్టూలు వేసుకుని వింటూ మధ్యలో నవ్వేవాడు. తండ్రికి మాత్రం కంప్యూటరు ముందు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్న పిల్ల ఒక్కతే కనిపించేది. తల్లి రోగం పిల్లకి అంటుకుందని అతను బెంగపెట్టుకున్నాడు. అతని బెంగలో తప్పేమీ లేదు.

ఆ మంగళవారం మేనేజరు ఒక కాగితం పట్టుకొచ్చాడు. పై ఆఫీసు ఆర్డరు. ఇకమీదట కొండ మిషన్లోకి వచ్చే ప్రతి మనిషి పేరూ జాబితాలో ఉండాలి. జాబితాలో లేనివాళ్లకి తాళం ఉన్నా తలుపు తెరుచుకోకూడదు. రిటైరైనవాళ్లని తీసేయాలి.

"మధ్యాహ్నంలోగా అయిపోవాలమ్మా" అన్నాడు మేనేజరు.

తాళాలక్క లాగిన్ అయ్యింది. రూల్స్ ఫైలు తెరిచింది. పెద్దసారు పేరు కొట్టేస్తుంటే మనసు చివుక్కుమంది. జాబితా మొదలుపెట్టింది. మొట్టమొదట, ఎవరూ చూడకముందే, పిచ్చుక పేరు రాసేసింది. తర్వాత పంపు ఆపరేటర్లు నలుగురు, నీటి మట్టం రాసేవాళ్లు ఆరుగురు, మేనేజరు, పక్క సీటులో బ్యాకప్‌లు తీసే టేపుల పిన్ని, ఇంకా ఎవరెవరు ఉన్నారో గుర్తు తెచ్చుకుంటూ పందొమ్మిది పేర్లు. ఎవరినైనా మర్చిపోతే రేపు పొద్దున్నే వచ్చి మీద పడతారని రెండుసార్లు లెక్కపెట్టింది. ఫైల్లో తప్పులున్నాయేమో చూసే కమాండు ఒకటుంది, అదీ కొట్టింది. తప్పుల్లేవంది మిషను. కొత్త రూల్స్ అమలు చేయమని కమాండు కొట్టింది. చేసింది.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. రూల్స్ మార్చాక, ఉన్న విండో మూయకుండా పక్కన ఇంకోటి తెరిచి, కొత్తగా లోపలికి వెళ్లగలుగుతున్నామో లేదో చూసుకోవాలి. వెళ్లగలిగాకే మొదటిది మూయాలి. చేరిన ప్రతివాళ్లకీ ఈ మాట నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది తాళాలక్కే. సరిగ్గా ఆ సమయంలో ఫోను మోగింది. ప్లీడరుగారి నంబరు. మూడు వారాల నుంచి ఆ ఫోను కోసమే కాచుకుని ఉంది. మాట్లాడాలంటే గొంతు కావాలి. తొందరలో లాగౌట్ కొట్టలేదు, విండోని మూలన నొక్కి మూసేసింది.

అలా మూసేస్తే గొంతు అవతలే ఉండిపోతుంది. అదేం పెద్ద విషయం కాదు, నెలకోసారి ఎవరికో ఒకరికి జరిగేదే. మళ్లీ లాగిన్ అయి, సరిగ్గా లాగౌట్ కొట్టి తెచ్చుకుంటారు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఇంకో చేత్తో పేరు కొట్టింది.

"వచ్చే గురువారం పదకొండింటికి వేశారమ్మా" అంటున్నారు ప్లీడరుగారు. "జడ్జిగారు మిమ్మల్నీ ఆయన్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడతారట. కాగితాల కన్నా మాట మీదే ఆవిడకి గురి. బాగా మాట్లాడాలి మీరు. వింటున్నారా?"

తెర మీద ఒక్క లైను వచ్చింది. ఈ పేరుకి అనుమతి లేదు.

ఇంకోసారి కొట్టింది. అదే లైను. అప్పుడు తట్టింది. పందొమ్మిది పేర్లూ కళ్ల ముందు తిరిగాయి. అందులో తన పేరు లేదు. అందరినీ రాసింది, తనని తను రాసుకోలేదు.

"అమ్మా, వింటున్నారా?" అని ఫోన్లో ప్లీడరుగారు అడుగుతూనే ఉన్నారు. తాళాలక్క నోరు తెరిచింది, మూసింది. టేపుల పిన్ని ఆ మొహం చూసి, తన పని ఆపుకుని లాగౌట్ కొట్టి, దగ్గి, ఫోను అందుకుంది.

"ఆవిడ గొంతు లోపల ఇరుక్కుందండీ. నేను చెప్తాలెండి" అంది.

మేనేజరు వచ్చాడు, తలపట్టుకున్నాడు. జాబితాలో ఉన్న పందొమ్మిది మందిలో రూల్స్ మార్చగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. మార్చగలిగిన పెద్దసారుని అరగంట కిందే కొట్టేశారు. ఆ మిషనుకి తెరా ఉండదు, కీబోర్డూ ఉండదు. ఎవరైనా రెండూ చంకన పెట్టుకుని కొండెక్కి తగిలిస్తే తప్ప ఎదురుగా నిలబడి దానితో పని చేయించడం కుదరదు. కొండెక్కే దారి నిన్నటి వానకి విరిగి లోయలో పడింది. పది పన్నెండు రోజులు పడుతుందని రోడ్డువాళ్లు చెప్పారు.

"ఇంతకీ ఈ మొదటి పేరు ఎవరిది?" అన్నాడు మేనేజరు, జాబితా చూస్తూ. "పిచ్చుక అని ఉంది."

"ఎవరో కొత్తగా వచ్చారు. మట్టం చూస్తారు" అంది టేపుల పిన్ని, తల ఎత్తకుండా.

సాయంత్రం టేపుల పిన్ని లాగిన్ అయి చూసి వచ్చింది. వచ్చాక చాలాసేపు మంచినీళ్లు తాగుతూ కూర్చుంది. తాళాలక్క కాగితం మీద రాసి చూపించింది: "బాగానే ఉందా?"

"బాగానే ఉంది" అంది పిన్ని. "మనిషితో తెగిపోయిన గొంతు కదా, తనంతట తను కొత్తగా ఏం అంటుంది. అలవాటైన మాటలే అంటోంది."

"ఏమంటోంది?"

పిన్నికి చెప్పబుద్ధి కాలేదు. కానీ అడిగిన మనిషి కళ్లలోకి చూసి చెప్పకుండా ఉండలేకపోయింది. "రెండు నిమిషాలమ్మా, అంటోంది. రెండు నిమిషాలు, ఇదొక్కటి అయిపోనీ. పొద్దుట్నుంచి అదే మాటట. గేటు బాబాయ్ చెప్పాడు."

తాళాలక్కకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ముప్ఫై ఆరేళ్లు బతికి, రెండు భాషలు చదివి, ఇంత మాట్లాడి, చివరికి తన గొంతుకి అన్నిటికన్నా బాగా అలవాటైన మాట అదా. లాగిన్ అవ్వబోతూ పిల్లతో, మొగుడితో లెక్కలేనన్ని సార్లు అనీ అనీ, గొంతు దాన్ని కంఠతా పట్టింది. ఆ రోజు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. శబ్దం రాకుండా ఏడవడం ఆవిడకి ఇప్పుడు కష్టం కాదు.

ఇంకో దారి ఉందని మర్నాడు టేపుల పిన్నే చెప్పింది. "ఒక పేరు మీద ఒక గొంతు బయటికి వస్తుంది. ఎవరి గొంతన్నది మిషను పట్టించుకోదు. నాది అక్కడ వదిలేసి నీది తెస్తాను. గురువారం నాతో రా, నువ్వు చెప్పాలనుకున్నది నేను చెప్తాను."

ప్లీడరుగారిని అడిగితే ఒప్పుకోలేదు. "ఆవిడ నోట మీ గొంతు వస్తే అది ఎవరి వాంగ్మూలం అంటారు? అవతలి ప్లీడరు మనల్ని నమిలి మింగేస్తాడు. పైగా ఆయన ఇప్పటికే గేటు బాబాయ్‌కి ఫోను చేశాడట. మీ గొంతు ఏమంటోందో, రోజుకి ఎన్నిసార్లు అంటోందో రాయించుకున్నాడు. ఆ ముసలాయన అబద్ధం ఆడడు, అదే మన ఖర్మ."

ఆదివారం పిచ్చుక వచ్చింది. తాళాలక్క తలుపు తీసి పిల్లని ఎత్తుకుంది, తర్వాత వంటింటి బల్ల దగ్గర కూర్చుని నోటుపుస్తకంలో రాసింది: "నా గొంతు కొండ మీద ఉండిపోయింది."

"తెలుసు. నేను రోజూ వెళ్తున్నాగా" అంది పిచ్చుక.

తాళాలక్క పెన్ను ఆగిపోయింది. ఈ అయిదు రోజులూ తన గురించి తను ఏడ్చిందే తప్ప, ఐదింటికి పిల్ల మామూలుగా వెళ్తుందన్న సంగతే తట్టలేదు.

"నువ్వు రెండు నిమిషాలు అన్నావుగా. అందుకని కూర్చున్నా" అంది పిచ్చుక. "మంగళవారం కూర్చున్నా, బుధవారం కూర్చున్నా. నిన్న ఏడు దాకా కూర్చున్నా. అత్త కంప్యూటరు కట్టేయమంది. అమ్మ రెండు నిమిషాల్లో వస్తుందంటే నాన్నకి కోపం వచ్చింది."

"అది నేను కాదు" అని రాసింది తాళాలక్క.

"నీ గొంతేగా."

తాళాలక్క పెన్ను పక్కన పెట్టేసింది. పిల్ల జడ విప్పి మళ్లీ వేసింది. అన్నం కలిపి పెట్టింది. పిచ్చుక నములుతూ అడిగింది. "గురువారం జడ్జిగారి దగ్గర మాట్లాడకపోతే నన్ను నాన్నకి ఇచ్చేస్తారా? అత్త చెప్పింది."

తాళాలక్క అబద్ధం రాయలేక తల ఊపింది.

"అయితే నేను తెస్తాను. నాది అక్కడ పెట్టి నీది తెచ్చేస్తాను. గేటు బాబాయ్ చెప్పాడు, ఎవరిదైనా తేవచ్చట."

"వద్దు" అని రాసింది తాళాలక్క. కింద రెండు గీతలు గీసింది. ఆ చీకటి గదిలో ఎనిమిదేళ్ల గొంతు ఒక్కటీ ఉండిపోవడం తలుచుకుని మళ్లీ పెన్ను ఆనించింది. "నీ గొంతు అక్కడ ఉండకూడదు. ఒట్టు వెయ్యి."

పిచ్చుక ఒట్టు వేసింది. పిల్లల ఒట్లు మనకి తెలియనివా.

గురువారం పదకొండింటికి ఫ్యామిలీ కోర్టు హాల్లో ఫ్యాను కిర్రు కిర్రుమంటోంది. జడ్జిగారు నడివయసావిడ, ముక్కు కారుతోంది, పక్కన రుమాళ్ల దొంతర ఉంది. ఒక వైపు తాళాలక్క, ప్లీడరుగారు. ఎదురుగా పిచ్చుక వాళ్ల నాన్న, మేనత్త, అవతలి ప్లీడరు. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో కాళ్లు నేలకి అందక ఊపుకుంటూ పిచ్చుక.

"ఈ ఒక్కరోజుకన్నా లాగౌట్ అయి రావచ్చు కదమ్మా" అన్నారు జడ్జిగారు.

ప్లీడరుగారు జరిగింది చెప్పారు. తాళాలక్క నాలుగు పేజీలు రాసి తెచ్చింది, అవీ ఇచ్చారు. జడ్జిగారు తీసుకుని పక్కన పెట్టారు. "చదువుతాను. కానీ రాసిన కాగితం అందరిదీ ఒకలాగే ఉంటుంది. నాకు మనిషి మాట వినాలి."

అవతలి ప్లీడరు లేచాడు. "మాట కావాలంటే నా దగ్గరుంది. ఆవిడ గొంతు రోజంతా ఏమంటోందో అక్కడి గేట్‌మన్ చెప్పినది చదువుతాను." చదివాడు. రెండు నిమిషాలమ్మా, మొదటి రోజు నూట అరవై సార్లు. రెండో రోజు నూట డెబ్భై రెండు. అలా అన్నీ చదివాడు. "కన్నపిల్లకి ఈ తల్లి ఇన్నాళ్లూ ఇచ్చింది ఇది. ఇంకా చూడండి, పిల్లకీ అదే అలవాటు చేసింది. దొంగచాటుగా పిల్ల పేరు మిషన్లో రాసింది. నిన్న సాయంత్రం నుంచి పిల్ల నోరు విప్పలేదు. తండ్రి బతిమాలాడు, మేనత్త బతిమాలింది, ఒక్క మాట లేదు."

తాళాలక్క చివాల్న పిల్ల వైపు తిరిగింది. పిచ్చుక తల్లి వంక చూడకుండా తన బూట్ల వంక చూసుకుంటోంది. తాళాలక్కకి అర్థమైపోయింది. లేవబోతే ప్లీడరుగారు చెయ్యి పట్టి కూర్చోబెట్టారు.

జడ్జిగారు ముక్కు తుడుచుకుని ముందుకి వంగారు. "ఏమ్మా, నీకు ఎవరి దగ్గర ఉండాలని ఉంది? భయం లేదు, చెప్పు."

పిచ్చుక కుర్చీలోంచి దిగి నిలబడింది. నోరు తెరిచింది.

"అమ్మ దగ్గర" అంది తాళాలక్క గొంతు.

పెద్ద మనిషి గొంతు, కొంచెం బొంగురుగా, వారంగా ఎవరూ సరిగ్గా వాడక పొడిబారినట్టుగా ఉంది. మేనత్త చేతిలో సంచి జారింది. పిచ్చుక వాళ్ల నాన్న తల వంచేసుకున్నాడు. టైపు చేసే గుమస్తా మాత్రం వేళ్లు ఆపి, "ఎవరు చెప్పినట్టు రాయమంటారండీ?" అని అడిగాడు.

"నోరు ఎవరిదో వాళ్లే చెప్పినట్టు రాయండి" అన్నారు జడ్జిగారు. "నీ గొంతు ఏదమ్మా?"

"కొండ మీద. గేటు బాబాయ్ చూసుకుంటానన్నాడు. సాయంత్రం వెళ్లి మార్చుకుంటాను" అంది పిచ్చుక, తల్లి గొంతుతో. "అమ్మకి ఇద్దామని తెచ్చా. కానీ ఇవ్వడం రావట్లేదు. నా నోట్లోనే ఉంటోంది."

"సరే. అమ్మ దగ్గర ఎందుకు ఉండాలనుకుంటున్నావు? ఇందాక చదివింది విన్నావుగా."

పిచ్చుక ఆలోచించింది. "నాన్న దగ్గర బాగానే ఉంటుంది. నాన్న తర్వాత చూద్దాం అంటాడు, తర్వాత మర్చిపోతాడు. అత్త వెళ్లి ఆడుకో అంటుంది. అమ్మ రెండు నిమిషాలు అంటుంది. అంటే పది నిమిషాలు. ఒక్కోసారి అరగంట." తాళాలక్క తన గొంతు తన మీదే చెప్తున్న సాక్ష్యం వింటూ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కానీ వస్తుంది" అంది పిచ్చుక. "అలా అన్నాక అమ్మ వస్తుంది. ప్రతిసారీ వచ్చింది. గొంతు ఒక్కటే ఉంటే రాదు. నేను ఎనిమిది రోజులు కూర్చున్నా ఆ గదిలో. అంటూనే ఉంది, అంటూనే ఉంది, రాలేదు. నాకు గొంతు వద్దు. అమ్మ కావాలి."

అవతలి ప్లీడరు దగ్గాడు. "ఇది తల్లి నేర్పి పంపిన మాట అని మా మనవి. గొంతే ఆవిడది."

"గొంతు ఆవిడదే కావచ్చు" అన్నారు జడ్జిగారు. "నేర్పి పంపేదైతే అరగంట అని చెప్పించుకోదు."

పిచ్చుక వాళ్ల నాన్న ఇంకా తల ఎత్తలేదు. ఏడాదిగా అతని ఇంట్లో ఆ గొంతు వినపడలేదు. అంతకుముందు కూడా తక్కువే. అతని కళ్లజోడు మసకబారింది. కళ్లజోళ్లు అమ్మే మనిషి, తుడుచుకోవడానికి గుడ్డ జేబులోనే ఉంటుంది, తీయలేదు.

"మీరేమంటారు?" అని అడిగారు జడ్జిగారు.

అవతలి ప్లీడరు ఏదో చెప్పబోతే అతను చేత్తో ఆపాడు. "నేను ఆగలేదండీ" అన్నాడు. "పది నిమిషాలు కూడా ఎప్పుడూ ఆగలేదు. లేచి వెళ్లిపోయేవాణ్ణి. వస్తుందో రాదో నాకెలా తెలుస్తుంది. పిల్ల ఆగింది." తల ఎత్తి జడ్జిగారి వంక చూశాడు. "వాళ్లమ్మ దగ్గరే ఉండనివ్వండి. ఆదివారాలు నా దగ్గరికి పంపిస్తే చాలు."

మేనత్త అన్నని మోచేత్తో పొడిచింది. అతను పట్టించుకోలేదు. జడ్జిగారు రాసుకున్నారు, గుమస్తాకి చెప్పి రాయించారు, ఇంకో రుమాలు తీసుకున్నారు. ఇంకో కేసు వాళ్లు అప్పటికే వెనక బెంచీల మీదకి వచ్చి సర్దుకుంటున్నారు.

గుమస్తా బల్ల దగ్గర కాగితాలు పరిచాడు. ప్లీడరుగారు వేలు పెట్టి చూపిస్తున్నారు, ఇక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి, వెనక పేజీలో రెండు. తాళాలక్క వంగి సంతకాలు చేస్తోంది. ఏడుపూ సంతోషమూ కలిసి గొంతుకి అడ్డం పడాల్సింది, గొంతే లేదు గనక అన్నీ కళ్లలోంచే వస్తున్నాయి. కాగితం మీద పడకుండా పక్కకి తుడుచుకుంటోంది. అవతల పిచ్చుక వాళ్ల నాన్న పిల్ల పుస్తకాల సంచి గుమ్మం దగ్గర పెట్టి, పిల్ల తల మీద చెయ్యి వేసి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"ఇదొక్కటీ జాగ్రత్తగా చదివి చేయండమ్మా, ఇదే అసలైంది" అన్నారు ప్లీడరుగారు.

తాళాలక్క పెన్ను పెట్టింది. సగం పేరు రాసింది.

"అమ్మా, రా" అని గుమ్మం దగ్గర్నుంచి తన గొంతే తనని పిలిచింది.

ప్లీడరుగారు ఇంకో అరనిమిషం అన్నట్టు వేలు చూపించారు. సంతకం సగంలో ఉంది. తాళాలక్క పెన్ను బల్ల మీద పెట్టేసి వెళ్లింది.